తరుగు

పదకొండేళ్లు కాశీబుగ్గలో జీడిపిక్కలు ఏరాను.
పౌనుకి రెండొందల నలభై తూగేవి ఒక కుప్ప,
మూడొందల ఇరవై తూగేవి ఒక కుప్ప,
బద్దలు, నూక వేరే.
చెయ్యి వెళ్లకముందే కన్ను లెక్క కట్టేసేది.
సొనకి వేళ్ల గీతలు చెరిగిపోయాయి.
రేషను మిషను నా బొటనవేల్ని ఎవరిదో అనుకుంటుంది.
ఇప్పుడు అదే మిల్లు వెనక టీ అమ్ముతాను.

శనివారం కూలి చేతిలో పడ్డాక
గోనెల షెడ్డులో బల్బు వెలుగుతుంది.
గుమాస్తా దండాసి బ్యాంకు కూర్చుంటాడు.
ఆట ఇరవయ్యొకటి.
పొద్దున కాటా మీద
కిలోకి యాభై గ్రాములు తరుగు తీసిన చెయ్యే
రాత్రి ముక్కలు పంచేది.

మా తమ్ముడు ఢిల్లేసు గోవాలో
నది మీద తేలే జూదం పడవలో గ్లాసులు కడిగొచ్చాడు.
వాడే నేర్పాడు:
"రెండు కాడ్నుంచి ఆరు దాకా పడితే ఒకటి కలుపు.
పదీ, బొమ్మలూ, ఆసూ పడితే ఒకటి తియ్యి.
ఏడూ ఎనిమిదీ తొమ్మిదీ ఒగ్గీ.
సిన్నవి ఎల్లిపోతే పెద్దవి లోపలున్నట్టే కదేటి.
అప్పుడు కాయాల."

దొంగతనం కాదేట్రా అన్నాను.
"ముక్క ముట్టుకున్నామా? మార్సేమా?
అందరి ముందూ పడిందాన్ని మర్సిపోకపోడం దొంగతనమేటి?
అక్కడ కూడా పట్టుకుంటే కొట్టరే అక్కా,
నవ్వుతా సెయ్యట్టుకుని పడవ దింపెస్తారు."

టీ డబ్బుల సంచికి రెండు అరలు.
చెరో అరలో పది పిక్కలు పోశాను.
చిన్న ముక్క పడితే ఎడమ దాంట్లోది కుడి దాంట్లోకి,
పెద్ద ముక్క పడితే వెనక్కి.
గీతల్లేని వేళ్లకీ గింజ తెలుస్తుంది.
కుడి అర బరువెక్కితే తమ్ముడికి గ్లాసు నిండా పోస్తాను.
లేదంటే సగం.

అయిదు శనివారాలు.
వాడు గెలిచింది గెలిచినట్టు తెచ్చి
నా బియ్యం డబ్బా కింద పెట్టేవాడు.
ఆరో వారం దండాసి కట్ట సగంలోనే కలిపేశాడు.
"ఎవుడో నెక్కెడతన్నాడు. నెక్కెట్టడం మోసం!" అని అరిచాడు.
నవ్వొచ్చింది నాకు.
ఆయన లెక్క పెడితే దానికి పుస్తకం ఉంది,
పుస్తకానికి ఎర్ర అట్ట ఉంది.

ఇక్కడితో ఆగిపోతే బాగుండును.

తమ్ముడి పక్కనే కూర్చునేవాడు కళాసీ బైరాగి.
కుడి అర ఖాళీ అయిపోయి
ఎడమది మోకాలికి బరువుగా తగులుతున్న వేళ
రెండొందలు తీసి పెట్టాడు.
కట్టలో పెద్దవి లేవు. నాకు తెలుసు.
"నాకూ నిండా పొయ్యే అప్పా" అన్నాడు గ్లాసు చాపి.
పోశాను.
అతని గ్లాసు ఎప్పుడూ నిండే,
అతనికి అది టీయే.

అందరికీ ఒకే గిన్నెలోది పోశాను.
లెక్క మాత్రం ఒక్కడికే పోశాను.

బైరాగి రెండొందలు దండాసి ఒళ్లోకి,
దండాసి ఒళ్లోంచి మా బియ్యం డబ్బా కిందకి
ఎంత దూరమని?
మధ్యలో ఒక దొంగ ఉన్నాడు కాబట్టి
చివర ఉన్నవాళ్లం కాకుండా పోతామా?
తమ్ముణ్ణి అడిగితే
"ఆణ్ణి మనం ఆడమన్నామేటి" అని అటు తిరిగి పడుకున్నాడు.
నిజమే, అనలేదు.
వద్దని కూడా అనలేదు.

ఆ రాత్రి ఆఖరి ముక్క దాకా కట్ట నడిచింది.
ఇంటికొచ్చి సంచి బోర్లించాను.
చెరో పదీ ఉన్నాయి.
ముక్కలన్నీ అయిపోతే లెక్క సున్నాకి రావాలి,
వచ్చింది.
ఒక పిక్క మాత్రం చెమటకి మెత్తబడి
రెండు బద్దలైంది.

నోటు పుస్తకంలో బైరాగి పేరు మీద ఆరు టీలు.
కొట్టేద్దామని పెన్ను తీశాను.
అది ఏ అరలోంచి ఏ అరలోకి పోతుందో తేలక
మూత పెట్టేశాను.
పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుంటాడు,
"ఈ వారం ముక్క పడనేదు అప్పా" అంటాడు.
గ్లాసు కడగాలి.